2025 వార్షిక నివేదిక: టెలిస్కోపు కొనని సంవత్సరం

గుంటూరులోని మన ఆకాశ పరిశీలన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన జనవరి సర్వసభ్య సమావేశంలో జరిగిన గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కూడబెట్టిన డబ్బుతో ఎనిమిది అంగుళాల కొత్త టెలిస్కోపు కొందామని సగం మంది, ఉన్న ఆరంగుళాలదానికే దుమ్ము దులిపే దిక్కు లేదు కదా అని సగం మంది. చివరికి ఒక్క ఓటు తేడాతో టెలిస్కోపు వాయిదా పడింది. దాని ధరలో ఐదో వంతు పెట్టి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. అందులోకి ఉచితంగా దొరికే ఖగోళ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఏడాది పొడుగునా దాన్ని నేర్చుకోవాలని తీర్మానించాం. నేను ఆ రోజు టెలిస్కోపుకే ఓటేశాను. ఈ నివేదిక రాస్తున్నది ఓడిపోయిన పక్షంవాడని గుర్తుపెట్టుకుని చదవండి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదివి వినిపిస్తారు. అందులో సాఫ్ట్‌వేర్ పద్దు కింద సున్నా కనిపిస్తుంది, అది అచ్చుతప్పు కాదు. ఫోటోలకు మెరుగు పెట్టడానికి పిక్సిన్‌సైట్ లాంటి ఖరీదైన ప్రోగ్రాములు ఉన్న మాట నిజమే. ఒక యువ సభ్యుడు దాని క్రాక్ కాపీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన మాటా నిజమే. ఆ పెన్‌డ్రైవ్ పెట్టిన సాయంత్రం ల్యాప్‌టాప్‌లో ఏమేం తెరుచుకున్నాయో ఇక్కడ రాయలేను. మొత్తం ఫార్మాట్ కొట్టి మొదటి నుంచి ఎక్కించుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి సంఘం ల్యాప్‌టాప్‌లో దొంగ కాపీలు పెట్టకూడదని మినిట్స్‌లో రాసుకున్నాం.

ఊరు తప్పితే అన్నీ తప్పే

శుభాంశు శుక్లా జూన్ 26న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టినప్పటి నుంచి జూలై 14న బయల్దేరేదాకా మన ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "మనవాడు మన మీదుగా ఎప్పుడు పోతాడండీ?" అని అడగనివాళ్ళు లేరు. అంతరిక్ష కేంద్రం ఏ వేళకు ఎటు పోతుందో చెప్పే హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్‌లో వేళ చూసి, ఒక హైస్కూలు మైదానంలో పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని పోగేశాం. సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుందని మైకులో చెప్పింది నేనే. అందరూ మెడలు విరిగేలా పైకి చూస్తుంటే, అది నైరుతిలో లేచి, వాయవ్యం పక్కగా ఒరిగి, ఈశాన్యంలో దిగిపోయింది. అందరూ చూశారు, చప్పట్లూ కొట్టారు. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మాత్రం నా దగ్గరికొచ్చి "నడినెత్తి అన్నారు కదా సార్" అంది.

తర్వాత చూస్తే ఆ పేజీలో ఊరు హైదరాబాద్ అని ఉంది. కోశాధికారి గారు అంతకుముందు వారం కూతురి ఇంట్లో ఉండగా పెట్టిన లొకేషన్ అలాగే ఉండిపోయింది. గుంటూరుకీ హైదరాబాద్‌కీ గీత గీసినట్టు కొలిస్తే 240 కిలోమీటర్లు. అంతరిక్ష కేంద్రం ఎగిరేది నాలుగు వందల చిల్లర కిలోమీటర్ల ఎత్తులోనే. అక్కడ నడినెత్తిన ఉన్నది మనకు 60 డిగ్రీలకు దిగిపోవడంలో వింతేమీ లేదు.

ఏ రోజు ఆకాశాన్నయినా తెర మీద చూపించే స్టెల్లేరియంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇంటర్నెట్‌ను బట్టి ఊరు పట్టుకునే ఏర్పాటు అందులో ఉంది. ఆ లెక్క మన ప్రాంతంలో ఒక్కోసారి ఏ చెన్నైనో ముంబైనో చూపిస్తుంది. ఆ టిక్ తీసేసి, ఎఫ్6 నొక్కి, అక్షాంశం 16.3 ఉత్తరం, రేఖాంశం 80.4 తూర్పు అని చేత్తో కొట్టి, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకోండి. ఒక్కసారి చేస్తే చాలు.

స్టెల్లేరియం గురించి రెండు మాటలు. ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం ఇది. ఇరవై ఏళ్ళకు పైగా నలుగురూ చేయి వేస్తూ పెంచారు. 1.0 అనే నంబరు మాత్రం 2022 అక్టోబరుకి గానీ వేసుకోలేదు. మామూలుగా ఆరు లక్షలకు పైగా నక్షత్రాలతో వస్తుంది. కావాలంటే అదనపు కేటలాగులు దించుకుని కోట్లలోకి పోవచ్చు. మన పాత ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆ ఆరు లక్షలే ఎక్కువ.

దీనితో ఈ ఏడాది చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది తాటిచెట్ల ఫైలు. కొండవీడు దారిలో మనం వెళ్ళే పొలం చుట్టూ ఏ దిక్కున ఏది ఎంత ఎత్తు అడ్డొస్తుందో, మన సర్వేయరు గారు చేతి దిక్సూచితోనూ ఫోన్లోని వాలు కొలిచే యాప్‌తోనూ కొలిచారు. రిటైరై పదేళ్ళయినా చేతి నేర్పు పోలేదు. ఫైల్ అంటే పెద్దదేమీ కాదు. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో వరుసకి రెండంకెలు, మొదటిది దిక్కు డిగ్రీల్లో, రెండోది ఎత్తు డిగ్రీల్లో. దాన్ని స్టెల్లేరియంలోకి ల్యాండ్‌స్కేప్‌గా ఎక్కిస్తే తెర మీద మన పొలమే నిలబడింది: ఆగ్నేయాన 18 డిగ్రీల దాకా తాటితోపు, పడమట పంప్‌షెడ్డు.

ఏప్రిల్ 26 శనివారం, అమావాస్య ముందు రాత్రి, దాన్ని పరీక్షకు పెట్టాం. ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మన ఊరి నుంచి ఎంత పైకొచ్చినా 26 డిగ్రీలు దాటదు. తొమ్మిదికి పది నిమిషాల ముందు తాటిమట్టల మీదికి వస్తుందని ల్యాప్‌టాప్ అంది. పావు తక్కువ తొమ్మిదికే బైనాక్యులర్స్ పట్టుకుని వరుసలో నిలబడ్డాం. వచ్చింది. మట్టల సందులో మొదట మసక ముద్దలా, తర్వాత రాలిపడిన పిండిలా. సర్వేయరు గారు పైకి చూడనే లేదు, వాచీ చూసుకుంటున్నారు.

1868 ఆగస్టు 18, గుంటూరు

ఆగస్టులో ఎలాగూ వానే. అందుకని 18న హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, మన ఊరి పాత ఆకాశాన్ని చూశాం. 1868లో ఇదే తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా పోయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ దానికోసమే ఇక్కడిదాకా వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో రంగులుగా విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయని ఆయనకు తట్టింది, మర్నాడు చూసి రుజువు చేసుకున్నాడు. ఆ వెలుగులో కనబడిన పసుపు గీత దగ్గర మొదలైన విచారణే తర్వాత హీలియం అనే పేరుకు దారి తీసింది. మన ఊళ్ళో ఈ సంగతి ఎంతమందికి తెలుసో ఆ రోజు చేతులెత్తమని అడిగాం. ఎన్ని చేతులు లేచాయో రాయను.

ఎఫ్5 నొక్కి సంవత్సరం దగ్గర 1868 కొట్టాం, నెల, తేదీ పెట్టాం. ఉదయం సూర్యుణ్ణి తెర మధ్యకు తెచ్చి, దగ్గరకు లాగి, ఎల్ నొక్కి కాలాన్ని పరుగెత్తించాం. చంద్రుడు పడమటి అంచున కొరకడం మొదలుపెట్టగానే పిల్లలు కేకలేశారు. పూర్తిగా మూసుకున్నాక జె నొక్కి నెమ్మది చేశాం. అప్పుడు ఎవరో పొరపాటున ఏ నొక్కారు. దాంతో వాతావరణం మాయమై, పగటి ఆకాశంలో నక్షత్రాలన్నీ బయటపడ్డాయి. సూర్యుడి పక్కన, రెండున్నర డిగ్రీల దూరంలో, ఒక మంచి నక్షత్రం మెరుస్తోంది. మౌస్‌తో నొక్కితే రెగ్యులస్ అని పేరొచ్చింది. అంటే మన మఖ.

వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన, మన పొలం ఇచ్చిన సభ్యుడి నాన్నగారు, లేచి నిలబడ్డారు. "ఇప్పుడు నడుస్తున్నది మఖ కార్తె గదయ్యా. సూర్యుడు మఖలో ఉంటేనే మఖ కార్తె. పక్కనుండక ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఆ మాటతో హాలు సద్దుమణిగింది. కార్తెల పేర్లు చెప్పి విత్తనాలు వేసేవాళ్ళకి ఆ కార్తె రోజుల్లో ఆ నక్షత్రం సూర్యకాంతిలో మునిగి కనబడదు. కార్తె అన్న మాట వెనకున్న ఆకాశం ఇలా ఉంటుందని ఆయనా మొదటిసారి చూస్తున్నారు. వెంటనే రోహిణి కార్తె చూపించమన్నారు, చూపించాం. తర్వాత మృగశిర. ఆ రాత్రి ఎనిమిదిన్నరకి ముగించాల్సిన కార్యక్రమం పదింటికి ముగిసింది.

ఇదే పట్టుకుని సెప్టెంబరు నుంచి నెలకొక సాయంత్రం "ఈ రోజు ఏ నక్షత్రం" అనే చిన్న కార్యక్రమం నడుపుతున్నాం. పంచాంగంలో ఆ పూట నక్షత్రం రోహిణి అని ఉంటే, స్టెల్లేరియంలో చంద్రుడు అల్డెబరాన్, అంటే మన రోహిణి, దరిదాపుల్లో ఉన్నాడో లేదో చూడటం, మబ్బు లేకపోతే బయటికెళ్ళి కంటితో సరిపోల్చుకోవడం. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఎక్కువగా వస్తున్నది దీనికే. కృత్తికలను "పిల్లలకోడి" అని ఒక మామ్మగారు చెప్పాక, పిల్లలు ఇంకో పేరు పలకడం లేదు.

గ్రహణం రాత్రి

సెప్టెంబరు 7 సంపూర్ణ చంద్రగ్రహణం ఈ ఏడాది మన పెద్ద బహిరంగ కార్యక్రమం. రాత్రి 9:57కి పట్టు, 11:00 నుంచి 12:22 దాకా సంపూర్ణం, 1:26కి విడుపు. స్టెల్లేరియం వేళలు, పంచాంగం వేళలు నిమిషం అటూ ఇటూగా కలిశాయి. కలుస్తాయా అని పందెం కాసినవాళ్ళు ఇంకా టీ బాకీ ఉన్నారు.

ఆ రాత్రి నేర్చుకున్నది రెండు ముక్కలు. సరిగ్గా పదకొండు కావస్తుండగా ల్యాప్‌టాప్ తనంతట తనే అప్‌డేట్ మొదలుపెట్టి, ముప్పావు గంట తెర మీద శాతాలు లెక్కపెట్టింది. ఇకమీదట కార్యక్రమానికి ముందు రోజే అప్‌డేట్లు పూర్తి చేసి నెట్ కట్టేయాలి. ఇక రెండోది, నిజం చెప్పాలంటే ఆ ముప్పావు గంటా ఎవరికీ ల్యాప్‌టాప్ గుర్తే రాలేదు. రాగి చెంబులా చంద్రుడు పైన ఉంటే తెర ఎవరు చూస్తారు?

చీకట్లో తెర వెలుగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్టెల్లేరియంలో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే అంతా ఎరుపులోకి మారుతుంది. అయినా మౌస్ బాణం, కింది పట్టీ తెల్లగానే మెరుస్తుంటాయి. స్టేషనరీ షాపులో దొరికే ఎర్ర జిలేటిన్ కాగితం రెండు మడతలు వేసి తెర మీద క్లిప్పులతో బిగించాం. చీకటికి కన్ను అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది, పోవడానికి ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు.

ఫోన్ యాప్‌ల మీద కమిటీలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి, ఇది నాది. ఫోన్‌ను ఆకాశానికి ఎత్తితే పేర్లు చూపించే యాప్‌లు మొదటి పది నిమిషాలకు బాగుంటాయి. కానీ అవి దిక్కు పట్టేది ఫోన్‌లోని అయస్కాంత సెన్సర్‌తో. ఇనుప గేటు పక్కన నిలబడ్డా, ఫోన్ కవర్‌కి అయస్కాంతపు బొత్తం ఉన్నా దిక్కు తప్పుతుంది. ఒకసారి గురుగ్రహం పంప్‌షెడ్డు వెనకుందని ఒక కుర్రాడు వాదించాడు. గురుడు వాడి ఎదురుగానే వెలిగిపోతున్నాడు. కవర్ తీసి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే దారికొచ్చింది.

తోకచుక్క, తుపాను

జనవరి మొదట్లో మౌంట్ లెమ్మన్ సర్వే పట్టుకున్న లెమ్మన్ తోకచుక్క అక్టోబరు 21న భూమికి దగ్గరగా వచ్చింది. ఇలాంటి కొత్త తోకచుక్కలు ప్రోగ్రాంలో ముందుగా ఉండవు. స్టెల్లేరియంలో సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్ తెరిచి, తోకచుక్కల, చిన్న గ్రహాల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ నుంచి తాజా కక్ష్య లెక్కలు దించుకోవాలి. దించుకున్నాం. పత్రికల్లో దీపావళికి చూడండి అని వచ్చింది కానీ, మన అక్షాంశం నుంచి ఆ రోజుల్లో సంధ్య చీకటి పడేసరికి అది దిగంతానికి ఎనిమిది డిగ్రీల లోపే ఉంది. మతాబుల పొగలో అది కనిపించే మాట కల్ల. నెలాఖరుకి 17 డిగ్రీలకు లేస్తుందని ల్యాప్‌టాప్ చెప్పింది. అందుకని అక్టోబరు 28కి పొలం ప్రయాణం పెట్టాం.

28న వచ్చింది మొంథా తుపాను.

మబ్బులు విడిచాక నవంబరు 1న, ముక్కాలు చంద్రుడి వెలుగులో, మేడ మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూశాం. గాజు మీద ఊపిరి వదిలినట్టు ఒక మచ్చ, తోక జాడ లేదు. చార్టు లేకపోతే మాత్రం పట్టుకునేవాళ్ళం కాదు. ఆ చార్టు కార్త్ ద్యు సియెల్ అనే ఉచిత ప్రోగ్రాంలో ముద్రించుకున్నది. తెల్ల కాగితం మీద నల్ల చుక్కల పటాలు గీయడంలో నాకు దానికన్నా నచ్చినది లేదు. దాని పేరులో మనకూ ఒక వాటా ఉంది. 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశపటం ప్రాజెక్టు పేరే అది. దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని ఫోటోలు తీసింది హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ.

ఫోటోల వైపు

ఈ విభాగం నలుగురైదుగురిదే కానీ, ల్యాప్‌టాప్‌ను ఎక్కువ వాడుకున్నదీ వాళ్ళే.

వాళ్ళ తలనొప్పి ధ్రువ నక్షత్రం. కెమెరాను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు తిప్పకపోతే నక్షత్రాలు ఫోటోలో గీతలవుతాయి. మనకు ధ్రువ నక్షత్రం 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పొలానికి ఉత్తరాన ఊరి లైట్లు, పైన మసక. రెండు రాత్రులు ధ్రువ నక్షత్రాన్ని గురిచూసే పోలార్ స్కోపులో కన్ను పెట్టి మోకాళ్ళు నొప్పి పుట్టించుకున్నాక, నీనా అనే విండోస్ ప్రోగ్రాంలోని మూడు బిందువుల ప్లగిన్ వాడారు. దానికి ధ్రువ నక్షత్రం కనబడనక్కర్లేదు. కనిపించే ఆకాశంలో ఒక ఫోటో, మౌంట్‌ను తిప్పి ఇంకోటి, మళ్ళీ తిప్పి మూడోది తీస్తుంది. ఒక్కో ఫోటోలోని నక్షత్రాల అమరికను కేటలాగుతో పోల్చి, కెమెరా సరిగ్గా ఎటు చూస్తోందో లెక్క కడుతుంది. మూడు చోట్లు తెలిస్తే అవి ఏ అక్షం చుట్టూ తిరిగాయో తేలిపోతుంది. ఇక అది చెప్పినట్టు మరలు తిప్పుకోవడమే. పావుగంటలో పని అయిపోయింది.

ఆ పోల్చే పనిని ప్లేట్ సాల్వింగ్ అంటారు. పొలంలో సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆస్టాప్ అనే ప్రోగ్రాంను, దాని నక్షత్రాల డేటాబేస్‌ను ఇంటి దగ్గరే దించుకుని వెళ్ళాలి. మొదటిసారి డేటాబేస్ మరిచిపోయి వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చారు. ఇంటి దగ్గరైతే ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్‌లో ఫోటో పెడితే చాలు. ఒక పదో తరగతి కుర్రాడు మేడ మీద ఫోన్‌తో తీసిన ఫోటో పెట్టి, అందులో ఓరియన్ నెబ్యులా పడిందని తెలుసుకుని, అర్ధరాత్రి నాకు ఫోన్ చేశాడు. కోప్పడలేదు.

ఫోటోలు పేర్చడానికి సిరిల్ అనే ప్రోగ్రాం వాడుతున్నారు. ఒకే చోట తీసిన నూరు ఫోటోల్ని ఒకదానిమీద ఒకటి సర్ది సగటు తీస్తే ఫోటోలోని గరుకు, అంటే చీకట్లో కనిపించే చుక్కల రొద, పదో వంతుకి తగ్గుతుంది. ఇక్కడ జరిగిన తప్పు మీరూ చేయకుండా రాస్తున్నాను. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా ఫైల్ కార్డులో ముప్పై ఎంబీ లోపే ఉండొచ్చు. సిరిల్ దాన్ని మూడు రంగులుగా విప్పి, ఒక్కో అంకెకు నాలుగు బైట్లు ఇస్తుంది, అంటే ఫోటోకి 288 ఎంబీ. నూరు ఫోటోలకు 29 జీబీ దాకా. ఒక్కో దశకి మళ్ళీ ఒక కాపీ. మన డిస్కు రెండో దశలోనే నిండిపోయింది. ఖాళీ చేద్దామనే కంగారులో మన సభ్యుడు తుడిచేసింది అసలు ఫోటోల ఫోల్డర్‌ని. ఇప్పుడు సెట్టింగుల్లో 16 బిట్లకు మార్చి సగానికి తగ్గించుకున్నాం. అసలు ఫోటోలు కార్డులోంచి తీయకూడదనే నియమం కూడా వచ్చింది.

శనిగ్రహం ఈసారి వలయాలు దాదాపు పక్కకు తిరిగి, బంతికి సూది గుచ్చినట్టు ఉంది. వీడియో తీసి, ఆటోస్టాకర్ట్‌లో గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములు మాత్రం ఏరి పేర్చి, రెజిస్టాక్స్‌లో పదును పెట్టారు. ఆ ఫోటో హాల్లో పెట్టాం. పదును కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం. తీసినవాళ్ళు ఒప్పుకోరు.

చిన్న గ్రహాలను వెతికే అంతర్జాతీయ కార్యక్రమంలో కాలేజీ పిల్లలు పాల్గొన్నారు. ఆస్ట్రోమెట్రికాలో నాలుగేసి ఫోటోల్ని రెపరెపలాడిస్తూ కదిలే చుక్క కోసం చూడటమే పని. కొత్తదేమీ దొరకలేదు. ఒకటి దొరికిందని రెండు రోజులు సంబరపడ్డారు, అది కెమెరాలో చెడిపోయిన పిక్సెల్ అని తేలింది.

మిగిలినవి

తెలుగులో కీబోర్డు మీటల పట్టిక ఒక పేజీ తయారు చేశాం, కార్యాలయంలో అడిగి తీసుకోండి. చంద్రుడి గుంతల కోసం వర్చువల్ మూన్ అట్లాస్ ఎక్కించాం కానీ ఎవరూ తెరవలేదు, వచ్చే ఏడాది ఎవరైనా బాధ్యత తీసుకోవాలి. ల్యాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్ళినవాళ్ళు రిజిస్టర్‌లో సంతకం పెట్టండి, చార్జర్‌తో సహా తిరిగివ్వండి.

ఎనిమిది అంగుళాల టెలిస్కోపు తీర్మానం ఈసారి మళ్ళీ ఎజెండాలో ఉంది. ఈసారి నా ఓటు ఎటో నేనింకా తేల్చుకోలేదు. ఆరంగుళాలదాన్ని ఈ ఏడాది ఎన్నిసార్లు బయటికి తీశామో రిజిస్టర్ చూసుకుని రండి.

2026 మార్చి 3న మళ్ళీ చంద్రగ్రహణం. మన ఊళ్ళో సంపూర్ణ దశ కనబడదు. సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు, 6:47కి విడుస్తుంది. ఉన్నది అరగంట, అదీ తూర్పు దిగంతం మీదే. పొలంలో తూర్పున అడ్డేమీ లేకపోయినా ఆ రోజు మంగళవారం, ఆఫీసుల నుంచి అందుకోలేం. అందుకని ఊళ్ళో తూర్పు వైపు చెట్లూ అపార్టుమెంట్లూ అడ్డంలేని మేడ ఎవరికైనా ఉంటే ఫిబ్రవరి రెండో వారంలోగా చెప్పండి. సర్వేయరు గారు దిక్సూచి పట్టుకుని వస్తారు.

కార్యదర్శి